సాయంత్రమైతే వైఫై ఉంటుంది, నెట్ ఉండదు – సత్యనారాయణపురం, విజయవాడ

సత్యనారాయణపురం గృహస్థు – ఏప్రిల్ 21, రాత్రి 10.20

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా మా ఇంట్లో ఇంటర్నెట్ ఒక వింత తీరుగా ఆగిపోతోంది. ఉదయం నుంచి ఏ ఇబ్బందీ ఉండదు. సాయంత్రం ఆరున్నర, ఏడు అయిందంటే ఫోన్లలో వైఫై గుర్తు నిండుగానే కనిపిస్తుంది, దాని కింద మాత్రం ‘ఇంటర్నెట్ లేదు’ అని వస్తుంది. ఒక రోజు నా ఫోనులో వస్తుంది, మా అమ్మాయి లాప్‌టాప్‌లో రాదు. మరో రోజు ఆమెకు వస్తుంది, నాకు రాదు. అన్నీ ఆపి మళ్ళీ వేస్తే కాసేపు బాగుండి మొదటికే వస్తుంది.

మాది రెండంతస్తుల సొంత ఇల్లు. ఫైబర్ పెట్టె కింది అంతస్తు హాల్లో ఉంది, వైఫై కూడా అందులోనే. కంపెనీకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. లైను బాగుంది, రీసెట్ చేయండి అంటారు. ఒకసారి మనిషి వచ్చాడు కానీ మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చాడు. ఆ వేళ అన్నీ సరిగ్గా ఉన్నాయి, చూసి వెళ్ళిపోయాడు.

మా అమ్మాయికి వచ్చే నెల ఈఏపీసెట్. మాదిరి పరీక్షలు రోజూ రాత్రి ఏడు నుంచి పది వరకు ఆన్‌లైన్‌లో పెడుతున్నారు. నిన్న 160 ప్రశ్నల్లో 90 దాకా వచ్చాక నెట్ ఆగింది. మళ్ళీ లోపలికి వెళ్ళేసరికి 20 నిమిషాలు పోయాయి. ఏడవలేదు కానీ అన్నం తినలేదు. ఎవరైనా దారి చూపండి.

గుణదల కొండవాలు – ఏప్రిల్ 21, రాత్రి 10.48

సాయంత్రం వేళే వస్తోందంటే నాకు మొదట తట్టేది వైఫై ఛానళ్ళ రద్దీ, అంటే చుట్టుపక్కల వైఫైలన్నీ ఒకే దారిలో ఇరుక్కోవడం. అందరూ ఇళ్ళకు చేరే సమయం అది. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో మన దేశంలో 13 ఛానళ్ళు ఉన్నా, ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. ఒక్కో ఛానల్ మధ్య బిందువు పక్కదానికి 5 మెగాహెర్ట్జ్ దూరంలోనే ఉంటుంది, సిగ్నల్ వెడల్పు మాత్రం 20. అందుకే 3లోనో 4లోనో పెడితే అటు 1 వాళ్ళతో, ఇటు 6 వాళ్ళతో ఢీకొంటుంది. మా అపార్ట్‌మెంటులో ఒకసారి చూస్తే సగం ఇళ్ళు 6లోనే ఉన్నాయి.

ఫోనులో వైఫై ఛానళ్ళు చూపించే ఆప్ ఒకటి వేసుకుని, ఏది ఖాళీగా ఉంటే దానికి మార్చండి. లాప్‌టాప్‌ను వైఫైలోని రెండో పట్టీ, 5 గిగాహెర్ట్జ్‌కు కలపండి. అప్పటికీ కుదరకపోతే పాత పెట్టె వదిలేసి కొత్త మెష్ రూటర్ (రెండు మూడు పెట్టెలు కలిసి ఇల్లంతా ఒకే వైఫైగా ఇచ్చేది) తీసుకోవడం మంచిది.

గుంటూరు ఫైబర్ పనివాడు – ఏప్రిల్ 21, రాత్రి 11.10

కొనడం చివరి మాట అన్నగారూ, ముందు చూడవలసినవి చూడండి. పదిహేనేళ్ళుగా గుంటూరులో కేబుల్ పని, ఆ తర్వాత ఫైబర్ అతికే పని చేస్తున్నాను. నెట్ ఆగిన ఆ నిమిషంలోనే ఫైబర్ పెట్టె మీద దీపాలు చూడండి. ఎల్‌ఓఎస్ అని రాసిన దీపం ఎర్రగా వెలిగితే వెలుతురు మీ ఇంటిదాకా రావడం లేదని అర్థం. పాన్ దీపం పచ్చగా నిలకడగా ఉంటే లైను కంపెనీ దగ్గరున్న పెద్ద పెట్టెతో మాట్లాడుతూనే ఉందని అర్థం.

పెట్టె లోపలి పేజీలో (బ్రౌజరులో పెట్టె చిరునామా కొడితే తెరుచుకునేది) ఆప్టికల్ పవర్ అని, వచ్చే వెలుతురు ఎంతో చెప్పే ఒక అంకె ఉంటుంది. మైనస్‌లో చూపిస్తుంది. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే దిగులు లేదు. మైనస్ 27 దాటిందంటే లైను తెగి తెగి వస్తుంది. ఆ అంకె మైనస్‌లో ఇంకో 3 కిందికి దిగితే వెలుతురు సగమైపోయినట్టు, అందుకే చిన్న తేడా అనుకోవద్దు. గోడ మూలలో తీగ మడత పడినా, బీరువా వెనక నలిగినా వెలుతురు బయటికి కారిపోతుంది. ఆ తీగలో వెలుగు నడిచే గాజు దారి మందం 9 మైక్రాన్లే, తల వెంట్రుక కన్నా ఎంతో సన్నం.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఫైబర్ తీగకున్న పచ్చ కొన ఊడదీసి కంటికి దగ్గరగా పెట్టి చూడకండి. ఆ వెలుతురు కంటికి కనిపించదు, హాని మాత్రం చేయగలదు. పిల్లలను అసలు దగ్గరికి రానివ్వకండి.

సింగ్‌నగర్ వాసి – ఏప్రిల్ 22, ఉదయం 7.05

అడాప్టర్ కూడా చూడండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్ళు మా వీధుల్లోకి వచ్చినప్పుడు పెట్టె, తీగ, అడాప్టర్ అన్నీ తడిశాయి. పెట్టె మార్చారు, అడాప్టర్ ఆరబెట్టి పాతదే పెట్టుకున్నాం. తర్వాత నెలల తరబడి పెట్టె తనంతట తానే ఆగి వెలిగేది. 12 వోల్టులు ఇవ్వవలసింది బరువు పడగానే తక్కువ ఇస్తోందని మీటరు పెట్టాక తెలిసింది. సాయంత్రం అన్ని ఫోన్లూ కలిసేసరికి పెట్టె ఎక్కువ కరెంటు అడుగుతుంది, అప్పుడే అడాప్టర్ చేతులెత్తేస్తుంది. మీ పెట్టె దానంతట అదే ఆగి మొదలవుతోందా?

గుంటూరు ఫైబర్ పనివాడు – ఏప్రిల్ 22, ఉదయం 7.40

సింగ్‌నగర్ వాసి గారూ, ఆ వరద తర్వాత విజయవాడ పనికి నేనూ వచ్చాను. గాజు తీగ తడిసినంత మాత్రాన వెంటనే పాడవదు, పాత రాగి తీగలయితే షార్ట్ అయ్యేవి. అప్పుడు మేము ఎక్కువగా చేసింది కొనల్లో ఇరుక్కున్న బురద తుడవడం, కరెంటు పెట్టెలు మార్చడం. ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. అన్నగారూ, మీరు అంకె చూసి చెప్పండి.

బ్రాడీపేట మాస్టారు – ఏప్రిల్ 22, ఉదయం 9.15

నేను భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. మీరు గోడల సంగతి, సామాను సంగతి రాయలేదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ తరంగానిది సుమారు 6. పొడవైన తరంగం ఇటుక గోడను కొంత తేలికగా దాటుతుంది, పొట్టిది త్వరగా నీరసిస్తుంది. ఇనుప బీరువా మాత్రం దేన్నీ దాటనివ్వదు, అద్దంలా వెనక్కి కొడుతుంది. స్లాబులోని ఇనుప చువ్వలు, నీళ్ళ ట్యాంకు కూడా అడ్డమే. మా ఇంట్లో పెట్టె టీవీ షోకేసులో, బీరువా పక్కన ఉండేది. దాన్ని తీసి గోడకు ఆరడుగుల ఎత్తున తగిలిస్తే పడక గదికి సిగ్నల్ వచ్చింది, ఇంకేమీ మార్చలేదు. పైగా మన ఎండలకు మూసిన షోకేసులో పెట్టె ఉడికిపోతుంది. అంగుళం ఖాళీ కూడా లేకుండా దాని మీద పూలకుండీలు పెట్టిన ఇళ్ళు చూశాను, చాలా బాధ కలుగుతుంది.

అయితే బీరువా సాయంత్రమే అడ్డం రాదు కదా. మీ సమస్యకు ఇది పూర్తి జవాబు కాదని రాస్తూ ఉండగానే అనిపిస్తోంది.

సత్యనారాయణపురం గృహస్థు – ఏప్రిల్ 22, రాత్రి 8.30

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవి ఒక్కొక్కటిగా చూశాను. పాన్ దీపం పచ్చగా నిలకడగా ఉంది, ఎరుపు లేదు. ఆప్టికల్ పవర్ మైనస్ 19.8. పెట్టె దానంతట అది ఆగడం లేదు, నిన్న రాత్రి నుంచి ఆగకుండా నడుస్తున్నట్టు లోపలి పేజీలో గంటలు చూపిస్తోంది. హాల్లో ఉన్న ఇన్వర్టర్ మీదే ఉంది కాబట్టి కరెంటు పోయినా ఆగదు. ఛానల్ 11కు మార్చాను. అయినా ఈ రోజు 7.10కి మళ్ళీ అదే వరస.

ఇది పనికొచ్చే సంగతో కాదో తెలియదు. గేటు దగ్గర ఒక వైఫై కెమెరా ఉంది. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు అమ్మ కోసం అప్పుడప్పుడు అందులో చూస్తుంటాడు. ఇప్పుడే ఫోన్ చేసి, గేటు తెరిచే ఉంది వేసుకో అన్నాడు. అప్పుడు మా ఇంట్లో ఒక్క ఫోనులోనూ నెట్ లేదు.

కొరిటెపాడు నెట్‌వర్క్ – ఏప్రిల్ 22, రాత్రి 8.52

మీరు చివర్లో రాసిన ఆ సంగతిలోనే జవాబు ఉంది అన్నయ్యగారూ. గుంటూరులో ఒక కళాశాల నెట్‌వర్క్ నేను చూసుకుంటాను, ఇలాంటిది అక్కడ ఒకసారి నాలుగు రోజులు తిప్పించింది.

కెమెరా బొమ్మ హైదరాబాదు దాకా వెళుతోందంటే ఫైబర్ బాగుంది, కంపెనీ బాగుంది, పెట్టె బాగుంది, పెట్టె నుంచి గేటు దాకా వైఫై కూడా బాగుంది. చెడింది మీ ఫోన్లకూ పెట్టెకూ మధ్య ఉన్న ఒప్పందం. సిగ్నల్ నిండుగా ఉండి నెట్ లేదంటే గాలిలో లోపం వెతకడం కన్నా చిరునామాలో వెతకాలి.

మళ్ళీ ఆగినప్పుడు ఏదీ ఆపి వేయకండి. నెట్ లేని ఫోనులో వైఫై సెట్టింగుల్లోకి వెళ్ళి, మీ వైఫై పేరు నొక్కితే ఐపీ చిరునామా (ఇంటి నెట్‌లో ఆ ఫోను నంబరు), గేట్‌వే (బయటికి దారి చూపే పెట్టె నంబరు) అని రెండు అంకెల వరసలు ఉంటాయి. రెండూ రాసుకోండి. నెట్ వచ్చే పరికరంలోనూ అవే రాసుకోండి. ఆ నాలుగు వరసలూ ఇక్కడ పెట్టండి.

గుణదల కొండవాలు – ఏప్రిల్ 22, రాత్రి 9.00

కెమెరాకు తక్కువ వేగం చాలు. రద్దీలో కూడా అది నడవవచ్చు కదా?

కొరిటెపాడు నెట్‌వర్క్ – ఏప్రిల్ 22, రాత్రి 9.06

నడవవచ్చు. కానీ రద్దీలో నెట్ నెమ్మదిస్తుంది, ‘ఇంటర్నెట్ లేదు’ అని ఫోను ఖండితంగా చెప్పదు. పైగా ఛానల్ మార్చినా ఇసుమంత మార్పు లేదు. అంకెలు వస్తే తేలిపోతుంది.

సత్యనారాయణపురం గృహస్థు – ఏప్రిల్ 22, రాత్రి 9.25

ఇవిగో.
నెట్ లేని నా ఫోను: 192.168.0.104, గేట్‌వే 192.168.0.1.
మా ఆవిడ ఫోనులో ఇప్పుడు వచ్చింది: 192.168.1.9, గేట్‌వే 192.168.1.1.
రెండూ కింద హాల్లోనే, పక్కపక్కనే పెట్టి చూశాను. ఒకే వైఫై పేరు.

కొరిటెపాడు నెట్‌వర్క్ – ఏప్రిల్ 22, రాత్రి 9.31

మీ ఇంట్లో రెండో రూటర్ ఉంది. ఎక్కడ ఉంది?

సత్యనారాయణపురం గృహస్థు – ఏప్రిల్ 22, రాత్రి 9.44

ఉందండీ. పై అంతస్తులో అమ్మాయి గదిలో. దాన్ని రూటర్‌గా నేను లెక్క వేయలేదు, సిగ్నల్ పైకి అందించే పెట్టె అనుకున్నాను. పాత కనెక్షన్ నాటిది. డిసెంబరులో మా మేనల్లుడు వచ్చినప్పుడు కింది పెట్టె నుంచి తీగ లాగి పైన అమర్చాడు. అదే వైఫై పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టాడు. మూడు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది, అందుకే దాని మీద అనుమానం రాలేదు.

గుంటూరు ఫైబర్ పనివాడు – ఏప్రిల్ 22, రాత్రి 9.50

అన్నగారూ, కంపెనీవారు రీసెట్ చేయండి అన్నారని రాశారు. మీరు ఏ పెట్టెను, ఎలా చేశారు?

సత్యనారాయణపురం గృహస్థు – ఏప్రిల్ 22, రాత్రి 10.02

మార్చి చివర్లో ఒక రోజు పైన వైఫై కనిపించడం మానేసింది. ఫోన్ చేస్తే రీసెట్ అన్నారు. పై పెట్టె వెనక చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కాను. తర్వాత పెట్టె కింద రాసిన చిరునామాతో లోపలికి వెళ్ళి, వైఫై పేరు, పాస్‌వర్డ్ మళ్ళీ పాతవే పెట్టాను. పని చేసింది. రీసెట్ అంటే ఆపి వేయడం లాంటిదే అనుకున్నాను. ఇప్పుడు లెక్క వేస్తే సరిగ్గా అప్పటినుంచే ఈ బాధ.

కొరిటెపాడు నెట్‌వర్క్ – ఏప్రిల్ 22, రాత్రి 10.20

మీ తప్పేమీ లేదు. ఫోనులో చెప్పినవారు ఆ తేడా వివరించి ఉండవలసింది. స్విచ్ ఆపి వేస్తే పెట్టె తన అమరికలన్నీ గుర్తు పెట్టుకుంటుంది. పిన్నుతో నొక్కితే అన్నీ మరిచిపోయి దుకాణం నుంచి వచ్చిన నాటి స్థితికి వెళుతుంది. మీ మేనల్లుడు డిసెంబరులో అందులో డీహెచ్‌సీపీ అనే పనిని ఆపి ఉంటాడు. రీసెట్ చేసిన రోజు అది మళ్ళీ మేలుకుంది.

డీహెచ్‌సీపీ పని ఇంట్లోకి వచ్చిన ప్రతి పరికరానికి ఒక చిరునామా ఇచ్చి, బయటికి దారి ఎటో చెప్పడం. ఫోను వైఫైలో చేరగానే ‘నాకు చిరునామా ఎవరిస్తారు’ అని ఇల్లంతా వినిపించేలా కేక వేస్తుంది. మీ రెండు పెట్టెలూ ఒకే తీగతో కలిసి ఉన్నాయి కనుక రెండూ వింటాయి, రెండూ జవాబిస్తాయి. ఎవరిది ముందు అందితే ఫోను సాధారణంగా దాన్నే పుచ్చుకుంటుంది. ఒక సత్రంలో ఇద్దరు గుమాస్తాలు కూర్చుని తాళాలు ఇస్తున్నారనుకోండి. కింది గుమాస్తా ఇచ్చే గదికి వీధి గుమ్మం ఉంది. పై గుమాస్తా ఇచ్చే గదికి లేదు. పై పెట్టె ‘దారి నేనే’ అంటుంది కానీ దాని ఇంటర్నెట్ రంధ్రంలో ఏ తీగా లేదు.

కెమెరా ఎందుకు ఆగలేదు? అది కదలదు. గడువు ముగిసేలోగా చిరునామా ఇచ్చిన కింది పెట్టెనే అడిగి పొడిగించుకుంటుంది, కేక వేయదు. సాయంత్రమే ఎందుకు అంటే, మీరు ఆఫీసు నుంచి వచ్చేది అప్పుడే. ఇంటికి చేరిన ప్రతి ఫోనూ కొత్తగా అడుగుతుంది. అయితే అమ్మాయి లాప్‌టాప్ రోజంతా ఇంట్లోనే ఉంటుంది కదా, అది పరీక్ష మధ్యలో ఎందుకు ఆగిందన్నదే నాకు ఇంకా అందడం లేదు.

సింగ్‌నగర్ వాసి – ఏప్రిల్ 22, రాత్రి 10.34

పై గది ఇన్వర్టర్ మీద ఉందా?

సత్యనారాయణపురం గృహస్థు – ఏప్రిల్ 22, రాత్రి 10.41

లేదు! కింద హాలు, వంటగది, గేటు మాత్రమే. ఈ వేసవిలో సాయంత్రాలు కరెంటు ఒకటి రెండుసార్లు పోయి నిమిషంలో వస్తోంది. మొన్న పరీక్ష మధ్యలో కూడా అలాగే పోయి వచ్చింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది కాబట్టి దానికీ దీనికీ సంబంధం కలపలేదు.

కొరిటెపాడు నెట్‌వర్క్ – ఏప్రిల్ 22, రాత్రి 10.50

సింగ్‌నగర్ వాసి గారూ, చాలా మంచి ప్రశ్న అడిగారు. అంతే, ముడి విడిపోయింది. పై పెట్టె ఆగి వెలిగినప్పుడల్లా లాప్‌టాప్ మళ్ళీ చేరి మళ్ళీ అడుగుతుంది, పక్కనే ఉన్న పెట్టె ముందు జవాబిస్తుంది.

రేపు పగలు చేయండి. పై పెట్టెకు కింది నుంచి వచ్చే తీగ ఊడదీయండి. లాప్‌టాప్‌లో వైఫై ఆపి, చిన్న తీగతో ఆ పెట్టెకే కలిపి 192.168.0.1 తెరవండి. ముందు డీహెచ్‌సీపీ ఆపి భద్రపరచండి. తర్వాత పెట్టె సొంత చిరునామాను 192.168.1.2గా మార్చండి. పెట్టె తిరిగి వెలిగాక కింది తీగను లాన్ అని రాసిన, ఇంట్లో పరికరాలను కలిపే రంధ్రాల్లోనే పెట్టండి, వాన్ అని వేరే రంగులో ఉన్న ఇంటర్నెట్ రంధ్రాన్ని ఖాళీగా వదలండి. కింద 11 పెట్టారు కాబట్టి పైన ఛానల్ 1 పెట్టండి. చివరగా అన్ని ఫోన్లలో వైఫై ఒకసారి ఆపి వేయండి.

గుణదల కొండవాలు – ఏప్రిల్ 22, రాత్రి 11.02

నా అంచనా తప్పింది, మీరు ఓపికగా తేల్చారు. ఒక సందేహం. తీగను వాన్ రంధ్రంలో పెడితే ఏ మార్పులూ లేకుండానే నెట్ వస్తుంది కదా?

కొరిటెపాడు నెట్‌వర్క్ – ఏప్రిల్ 22, రాత్రి 11.12

వస్తుంది. కానీ ఇల్లు రెండు ముక్కలవుతుంది. పై లాప్‌టాప్‌కు కింద ఉన్న ప్రింటర్ దానంతట అది కనబడదు, మెట్లు దిగినప్పుడల్లా ఫోను చిరునామా మారాలి. ఒక్క రాత్రికి సర్దుకోవడానికి అయితే పరవాలేదు. నిలిచే పని అది కాదు.

బ్రాడీపేట మాస్టారు – ఏప్రిల్ 23, ఉదయం 6.30

అమ్మా, సత్రం పోలికతో ఇంత తేటగా చెప్పావు, సంతోషం. ఒక సవరణ చెప్పవచ్చా? కింది పెట్టె పంచే చిరునామాలు 192.168.1.2 నుంచే మొదలవుతూ ఉంటే, అదే అంకెను ఏదో ఒక రోజు ఒక ఫోనుకు కూడా ఇచ్చేస్తుంది.

కొరిటెపాడు నెట్‌వర్క్ – ఏప్రిల్ 23, ఉదయం 6.55

నిజం మాస్టారూ, నేను రాయవలసిన మాట అది. అన్నయ్యగారూ, కింది పెట్టెలో పంపిణీ 192.168.1.20 నుంచి మొదలయ్యేలా ముందే మార్చండి. అప్పుడు 2 నుంచి 19 దాకా మన చేతిలో ఉంటాయి.

పట్టాభిపురం విద్యార్థి – ఏప్రిల్ 23, మధ్యాహ్నం 1.15

ఇది చదివి మా ఇంట్లో చూసుకుంటే నా ఫోనులోనూ 192.168.0.5 అని ఉంది. మాకు రెండో రూటర్ లేదు. భయపడాలా?

గుంటూరు ఫైబర్ పనివాడు – ఏప్రిల్ 23, మధ్యాహ్నం 1.40

అవసరం లేదు తమ్ముడూ. మీ పెట్టె అసలు చిరునామాయే 192.168.0.1 అయి ఉంటుంది. కొన్ని కంపెనీల పెట్టెలు సున్నాతో, కొన్ని ఒకటితో వస్తాయి. ఇంట్లో అన్నిటికీ ఒకే గేట్‌వే ఉందా అన్నదే చూడాలి. నెట్ ఆగినప్పుడు 169.254తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే అది వేరే సంగతి, పరికరానికి ఎవరూ జవాబివ్వలేదని అర్థం.

సత్యనారాయణపురం గృహస్థు – ఏప్రిల్ 24, రాత్రి 10.25

నిన్న మధ్యాహ్నం సెలవు పెట్టి అన్నీ చేశాను. కింద పంపిణీ 20 నుంచి, పై పెట్టెకు 192.168.1.2, డీహెచ్‌సీపీ ఆఫ్, తీగ లాన్ రంధ్రంలో. మేనల్లుడికి ఫోన్ చేస్తే డిసెంబరులో తానూ అదే ఆపానని, నాకు చెప్పడం మరిచానని అన్నాడు.

సాయంత్రం దాకా ఆగలేక పై గది మెయిన్ స్విచ్ నేనే మూడుసార్లు ఆపి వేశాను. మూడుసార్లూ లాప్‌టాప్‌కు 192.168.1తోనే చిరునామా వచ్చింది, నెట్ నిమిషంలో తిరిగి వచ్చింది. ఆ నిమిషం కూడా పోకుండా పై పెట్టెకు చిన్న బ్యాటరీ యూపీఎస్ ఒకటి గవర్నరుపేటలో తెచ్చాను, అడాప్టర్ మీద రాసినట్టే 12 వోల్టులది.

నిన్న, ఈ రోజు రెండు పరీక్షలూ పూర్తిగా రాసింది. ఈ రోజు ఎనిమిదిన్నరకు కరెంటు పోయింది. మెట్లెక్కి గుమ్మంలో నిలబడి చూశాను. ఫ్యాను ఆగింది, లాప్‌టాప్ వెలుగులో తల ఎత్తకుండా రాస్తోంది. పై పెట్టె మీద ఇప్పుడు ఒక కాగితం అతికించి ఉంది: ‘చిరునామా 192.168.1.2. డీహెచ్‌సీపీ ఆఫ్. తీగ లాన్‌లో. పిన్ను పెట్టవద్దు.’ అమ్మాయే రాసి అతికించింది.